కింది అంతస్తు టీవీకి నడిమి అంతస్తు సర్వర్ కనవడ్తలేదు, రెండు రూటర్లు, రెండు నెట్‌వర్కులు

మెట్టుగడ్డ_91
శనివారం రాత్రి 9:42

అందరికి నమస్తే. మాది పాలమూరు, మెట్టుగడ్డ దిక్కు. వారం దినాల సంది ఒక దాంతోని కొట్టుకుంటున్న, తెగుతలేదు, జర పొడుగు రాస్తున్న, ఓపిక చేసుకొని చదవుండ్రి.

ఇంట్ల మూడు అంతస్తులు. కింద అమ్మా నాయిన, నడుమ మేము, పైన పెంట్‌హౌస్‌ల డిగ్రీ చదివే ముగ్గురు పిల్లలు కిరాయికి ఉంటరు. ఫైబర్ వైరు కింది హాల్లకు దిగింది, ఆడ నెట్టోళ్లు ఇచ్చిన ఓఎన్‌టీ డబ్బా (ఫైబర్ వైరుకు పెట్టే మోడెం, వైఫై దాంట్లనే) ఉన్నది, దాని అడ్రస్ 192.168.1.1. కిరాయి పిల్లలకు గూడ ఆ వైఫైనే ఇచ్చినం. ఆ డబ్బా నుంచి ఒక ల్యాన్ వైరు పైపుల నుంచి నడిమి అంతస్తుకు తెచ్చి నేను కొన్న రూటర్ వ్యాన్ పోర్టుకు (బయటి నెట్ లోపలికి వచ్చే పోర్టు) పెట్టిన, నా రూటర్ అడ్రస్ 192.168.0.1. పాత డెస్క్‌టాప్‌ల ఉబుంటు ఎక్కించి సర్వర్ చేసిన, అది 192.168.0.10, దాంట్ల వీడియోలను టీవీకి, ఫోన్‌కు పంపే ప్రోగ్రాములు మినీడీఎల్ఎన్ఏ, జెల్లీఫిన్ రెండూ నడుస్తున్నయి.

సర్వర్‌ల ఉన్నయి సినిమాలు కాదు. ఇంట్ల పద్నాలుగు వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉండె, పెళ్లిళ్లయి, తొట్టెల ఫంక్షన్లయి, మా తాత భజన సప్తాహానియి, బూజు పడ్తుంటే హైదరాబాద్‌ల ఇచ్చి కంప్యూటర్లకు ఎక్కిపిచ్చిన. అందుల మా చిన్నమామ ఉన్నడు. అమ్మకు సొంత తమ్ముడు, పోయి తొమ్మిదేండ్లయింది. అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ అయింది, మెట్లెక్కి నా దగ్గరికి రాలేదు, కింద తన టీవీల చూడాలని అడుగుతున్నది. టీవీ పదేండ్ల నాటిది, యాప్‌లు పనిచేస్తలేవు, పెన్‌డ్రైవ్ పడ్తది, డీఎల్ఎన్ఏ (ఇంటి నెట్‌వర్క్‌ల ఉన్న వీడియోలను టీవీ తనే ఎతికి ఆడే పద్ధతి) ఉన్నది.

నా వైఫైల ఫోన్ పెట్టి వీఎల్‌సీ తెరిస్తే లోకల్ నెట్‌వర్క్‌ల సర్వర్ టక్కున కనవడ్తది. అదే ఫోన్ కింది వైఫైకి మార్చిన్నంటే ఏం లేదు, ఖాళీ. నా ల్యాప్‌టాప్ నుంచి కింది డబ్బా 192.168.1.1 పేజీ తెరుచుకుంటది గని కింది ఫోన్ నుంచి 192.168.0.10 తెరుచుకుంటలేదు. ఒక దిక్కు పోతది, ఇంకో దిక్కు వస్తలేదు, గిదేంది? సర్వర్‌ల ఫైర్‌వాల్ ఆఫ్ చేసి గూడ చూసిన.

క్లాక్‌టవర్_నల్లగొండ
శనివారం రాత్రి 10:05

తమ్మీ, ఇది రోజూ చూసేదే. నీ రూటర్ వ్యాన్ పోర్టుల ఉన్న వైరు తీసి ల్యాన్ పోర్టుల (ఇంట్ల డివైజులకు ఉండే పోర్టు) పెట్టు, నీ రూటర్‌ల డీహెచ్‌సీపీ (డివైజులకు అడ్రస్ పంచేది) ఆపు, అడ్రస్ 192.168.1.2 చెయ్యి. లేకుంటే మెనూల యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటది, అది నొక్కు. ఇల్లంత ఒకటే నెట్‌వర్క్ అయితది, టీవీకి సర్వర్ కనవడ్తది. పది నిమిషాల పని. ఇంటికి రెండు నెట్‌వర్కులు ఎందుకు చెప్పు.

కేబుల్_గద్వాల
శనివారం రాత్రి 10:11

అన్నా అప్పటిదాంక పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చి అమ్మకు ఇయ్యి, అడిగినంక ఆగవెట్టొద్దు. నెట్‌వర్క్ సంగతి నిమ్మళంగ చూసుకుందం.

మెట్టుగడ్డ_91
శనివారం రాత్రి 10:30

గద్వాల అన్నా, రేపు పొద్దుగాల్నే ఒక పెళ్లి క్యాసెట్ పెన్‌డ్రైవ్‌ల పెట్టిస్త. కాకపోతే అన్నీ కలిపి నూటయాభై జీబీ దాటినయి, చెల్లె బిడ్డ వీడియోలు రోజూ కొత్తయి కలుస్తున్నయి, ప్రతిసారి పెన్‌డ్రైవ్ పట్టుకొని కిందికి మీదికి తిరుగుడు కాదని సర్వర్ పెట్టిన.

నల్లగొండ అన్నా, ఒకటే నెట్‌వర్క్ చెయ్యాల్నంటే నాకు భయం ఉన్నది. నా దిక్కు షాపు లెక్కల కంప్యూటర్ ఉన్నది, జీఎస్‌టీ బిల్లులు, బాకీల లెక్కలు అన్నీ దాంట్లనే. పైన పిల్లలు మంచోళ్లే గని వాళ్ల దోస్తులు వచ్చిపోతుంటరు, పాస్‌వర్డ్ ఎంతమంది చేతుల్ల ఉన్నదో నాకు తెల్వది. అందుకే కావాల్నని వేరే రూటర్ పెట్టుకున్న. కిరాయోళ్లు ఇటు రావద్దు, అమ్మ టీవీ మాత్రం రావాలె. గిట్ల అయితదా?

వనపర్తి_పాఠాలు
ఆదివారం ఉదయం 6:50

మెట్టుగడ్డ గారు, వేరే రూటర్ పెట్టుకొని మంచి పని చేశారు, అది తీసెయ్యకండి. ముందుగాల ఎందుకు కనబడటం లేదో చెప్తా, అది అర్థమైతే మిగతాది మీరే చేసుకుంటరు. ఇక్కడ రెండు వేరువేరు సమస్యలున్నయి, రెండూ ఒకటే అనుకొని కొట్టుకుంటున్నరు.

ఒకటి, కనుక్కోవడం. టీవీకి మీ సర్వర్ అడ్రస్ తెల్వదు. అందుకే టీవీ ఆన్ కాంగనే "ఇక్కడ మీడియా సర్వర్ ఎవరన్న ఉన్నరా" అని చాటింపు ఏస్తది. ఆ చాటింపు పేరు ఎస్ఎస్‌డీపీ, పోయే అడ్రస్ 239.255.255.250, యూడీపీ పోర్టు 1900 (ఈ పోర్టు అంటే వైరు పెట్టే జాగ కాదు, ప్రోగ్రాముకు ఉండే నంబరు). ఇది మల్టీకాస్ట్. ఊర్ల డప్పు కొట్టి చాటింపు ఏస్తే ఆ ఊరోళ్లకే వినబడ్తది కదా, పక్క ఊరికి పోదు. ఇంట్ల వాడే రూటర్ మామూలుగ ఈ మల్టీకాస్ట్‌ను ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు దాటనియ్యదు. మీ టీవీ 192.168.1 ఊర్ల చాటిస్తున్నది, మీ సర్వర్ 192.168.0 ఊర్ల ఉన్నది.

రెండోది, చేరుకోవడం. చాటింపు ఎట్లనో దాటించినం అనుకోండి, సర్వర్ జవాబు ఇస్తది, ఆ జవాబుల లొకేషన్ అని ఒక లైను ఉంటది, దాంట్ల 192.168.0.10, పోర్టు 8200 అని రాసి ఉంటది, మినీడీఎల్ఎన్ఏ మామూలుగ వాడే పోర్టు అది. టీవీ ఆ అడ్రస్‌కు పోబోతే దారి లేదు. ఎందుకంటే మీ రూటర్ న్యాట్ చేస్తున్నది. లోపలి అర్రలోళ్లు బయటికి పోయి రావచ్చు, వాకిట్ల నిలబడ్డోళ్లకు అర్రల ఎవరున్నరో తెల్వదు, తలుపు లోపలి నుంచే తెరుచుకుంటది. అందుకే మీ ల్యాప్‌టాప్ నుంచి 192.168.1.1 వచ్చింది, కింది ఫోన్ నుంచి సర్వర్ రాలేదు. సర్వర్ ఫైర్‌వాల్‌కు దీనికి సంబంధమే లేదు, మళ్లా ఆన్ చేసుకోండి.

మిర్యాల_మిల్లు
ఆదివారం ఉదయం 8:15

మేడం చక్కగ చెప్పిండ్రు. నేను మిర్యాలగూడల ఒక రైస్ మిల్లు ఆఫీసుల కంప్యూటర్లు చూస్కుంట, నాకు ఇసొంటిదే పడ్డది, వేబ్రిడ్జి కాడ ఒక నెట్‌వర్క్, ఆఫీసుల ఇంకోటి. రెండో సమస్యకు అంటే చేరుకునుడుకు స్టాటిక్ రూట్ (ఆ నెట్‌వర్క్‌కు ఎటు పోవాల్నో డబ్బాకు చేత్తోని రాసి చెప్పుడు) అని దారి ఉన్నది. కింది ఓఎన్‌టీల రూటింగ్ పేజీ ఉంటే నెట్‌వర్క్ 192.168.0.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే కాడ నీ రూటర్ వ్యాన్ అడ్రస్ కొట్టాలె, నీ రూటర్‌ల న్యాట్ ఆపాలె, లోపలికి రానిచ్చే రూల్ పెట్టాలె. కాకపోతే నెట్టోళ్లు ఇచ్చే డబ్బాల్ల ఆ పేజీ శానసార్లు దాచిపెట్టి ఉంటది, మామూలు లాగిన్‌కు కనవడదు.

ఇంకో మాట, ఇది నన్ను రెండు రోజులు తిప్పింది కాబట్టి చెప్తున్న. రూట్ అంత కరెక్టే పెట్టిన, లినక్స్ మిషన్‌కు పింగ్ (పలుకుతదా అని చూసే చిన్న ప్యాకెట్) పోతున్నది, విండోస్ మిషన్‌కు పోతలేదు. రూటర్ తప్పని దాన్నే కెలికిన. చివరికి ఏందంటే విండోస్ ఫైర్‌వాల్‌ల ఫైల్ షేరింగ్ రూల్సు ప్రైవేట్ ప్రొఫైల్‌ల లోకల్ సబ్‌నెట్‌కు (తన సొంత నెట్‌వర్క్‌కు) మాత్రమే అని కట్టి ఉంటయి, పింగ్ గూడ అందుల్నే ఉంటది. వేరే సబ్‌నెట్ నుంచి వచ్చినోడిని పలకరియ్యదు. ఆ రూల్ తెరిచి స్కోప్‌ల అవతలి నెట్‌వర్క్ అడ్రస్ కలిపిన, షేరింగ్ ఫోల్డర్ తెరుచుకున్నది. విండోస్ మీద సర్వర్ నడిపేటోళ్లు ఇది యాది పెట్టుకోండ్రి.

కోయిల్‌సాగర్
ఆదివారం ఉదయం 9:02

మధ్యల దూరుతున్న, ఏమనుకోకుండ్రి. నాకు డీఎల్ఎన్ఏ కాదు, క్రోమ్‌కాస్ట్. ఫోన్ ఒక నెట్‌వర్క్‌ల, క్రోమ్‌కాస్ట్ గెస్ట్ నెట్‌వర్క్‌ల పెట్టిన, క్యాస్ట్ గుర్తు వస్తలేదు. ఇది గూడ గదే 1900 పోర్టా?

వనపర్తి_పాఠాలు
ఆదివారం ఉదయం 9:40

కాదు. క్రోమ్‌కాస్ట్ ఎమ్‌డీఎన్ఎస్ వాడ్తది, 224.0.0.251, పోర్టు 5353. దీన్ని దాటించడం ఇంకా కష్టం, ఎందుకంటే 224.0.0 తోని మొదలయ్యే అడ్రసులు ఆ ఒక్క నెట్‌వర్క్ దాటొద్దు అనేది రూలు, టీటీఎల్ (ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే అంకె) ఎంత పెట్టినా రూటర్ ముందుకు పంపదు. దానికి రిఫ్లెక్టర్ కావాలె, అంటే రెండు దిక్కులా కాలు పెట్టి ఇటు విన్నది అటు మళ్లా చెప్పే ప్రోగ్రామ్. లినక్స్‌ల అవాహీ ఉంటది, దాని సెట్టింగ్ ఫైల్ల రిఫ్లెక్టర్ ఎస్ అని పెడితే చాలు. రూటర్‌ల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (మనం ఎక్కిచ్చుకునే వేరే రూటర్ సాఫ్ట్‌వేర్) ఉంటే దాంట్లనే నడుస్తది. ఆ తర్వాత 8008, 8009 టీసీపీ పోర్టులు ఫోన్ దిక్కు నుంచి తెరవాలె. మీది ఏ రూటరో చెప్పలేదు. గెస్ట్ నెట్‌వర్క్ అయితే ఒక డివైజ్‌కు ఇంకోటి కనబడకుండ ఐసొలేషన్ గూడ ఉంటది, అది ముందు చూసుకోండి.

కోయిల్‌సాగర్
ఆదివారం ఉదయం 9:55

ఐసొలేషన్ ఆన్‌ల ఉన్నది మేడం. క్రోమ్‌కాస్ట్‌ను మెయిన్ నెట్‌వర్క్‌కే మార్చిన, వచ్చేసింది. నాకు వేరే పెట్టాల్సినంత అవసరం లేదు. థాంక్స్.

మెట్టుగడ్డ_91
ఆదివారం మధ్యాహ్నం 2:20

ఓఎన్‌టీల లాగిన్ అయ్యి మొత్తం ఎతికిన, మిర్యాలగూడ అన్న చెప్పినట్టే రూటింగ్ పేజీ లేదు. ఇంకో పని చేసిన. నా రూటర్‌ల పోర్ట్ ఫార్వర్డ్ పెట్టిన, వ్యాన్ మీద 8096 వస్తే 192.168.0.10 మీది 8096 కు పంపు అని. నా రూటర్ వ్యాన్ అడ్రస్ 192.168.1.50 అని ఓఎన్‌టీల ఫిక్స్ చేసిన. ఇప్పుడు కింది ఫోన్ల 192.168.1.50 పక్కన 8096 కొడితే జెల్లీఫిన్ తెరుచుకుంటున్నది, వీడియో గూడ ఆడ్తున్నది! గని టీవీల బ్రౌజర్ ఆ పేజీ తెరవలేక ఆగిపోతున్నది, డీఎల్ఎన్ఏ లిస్టుల ఎప్పటిలెక్కనే ఏం లేదు. కిరాయి పిల్లలకు గూడ లాగిన్ పేజీ కనవడ్తది కదా ఇట్ల చేస్తే?

వనపర్తి_పాఠాలు
ఆదివారం మధ్యాహ్నం 3:05

కనబడ్తది. పాస్‌వర్డ్ గట్టిగ ఉంటే లోపలికి రాలేరు గని తలుపు అయితే చూపిస్తున్నరు. మీ ఫోన్ల పని చేసిందంటే కారణం ఏందంటే జెల్లీఫిన్‌కు అడ్రస్ మీరు చేత్తోని కొట్టిండ్రు, చాటింపు అవసరం పడలేదు. టీవీ కొత్తదైతే, జెల్లీఫిన్ యాప్ ఎక్కితే, మీ సమస్య ఇక్కడికే అయిపోయేది. డీఎల్ఎన్ఏ టీవీల అడ్రస్ కొట్టే జాగనే ఉండదు, చాటింపు మీదనే ఆధారం.

క్లాక్‌టవర్_నల్లగొండ
ఆదివారం సాయంత్రం 5:30

నేను మొదటి నుంచి అనేది గిదే. ఎన్ని పోర్టులు తెరుస్తరు, ఎన్ని రూట్లు రాస్తరు. ఎస్ఎస్‌డీపీని దాటిచ్చే ప్రోగ్రాములు గూడ ఉన్నయి, ఎస్ఎమ్‌సీరూట్ అని నేను ఒక కస్టమర్ ఇంట్ల పెట్టిన, ఐదు గంటలు పట్టింది. చాటింపు ప్యాకెట్ల టీటీఎల్ అని ఉంటది, రూటర్ దాటినప్పుడల్ల ఒకటి తగ్గుతది, యూపీఎన్‌పీ (డీఎల్ఎన్ఏకు పునాది పద్ధతి) 1.0 ప్రకారం 4 ఉండాలె, 1.1 ల 2 చేసిండ్రు, గని కొన్ని డివైజులు 1 పెట్టి పంపుతయి, దాన్ని మళ్లా రూటర్‌ల పెంచాలె. అంత చేసినంక ఆ టీవీ తన సబ్‌నెట్ కాని అడ్రస్ నుంచి వచ్చిన జవాబును తీసుకోనే లేదు. చివరికి ఒకటే నెట్‌వర్క్ చేసి వచ్చిన. అమ్మ టీవీ చూడాలె, అంతేగా. ఒకటి చెయ్యి, షాపు కంప్యూటర్‌కు ఫైర్‌వాల్ పెట్టుకో.

వనపర్తి_పాఠాలు
ఆదివారం సాయంత్రం 6:10

క్లాక్‌టవర్ గారు, మీరు ఎస్ఎమ్‌సీరూట్ గురించి చెప్పింది నూటికి నూరు నిజం, ఈ టీవీకి ఆ తిప్పలు వద్దు. గని ఒకటే నెట్‌వర్క్ చెయ్యమనేది నేను ఒప్పుకోను. బాకీల లెక్కలున్న కంప్యూటర్‌ను పది మంది పాస్‌వర్డ్ తెలిసిన వైఫైల పెట్టమని నేను మా ఇంట్లోళ్లకు చెప్పను.

నా మాట ఏందంటే, సర్వర్‌ను టీవీ దగ్గరికి తేవడానికి ఇంత పాటు పడ్తున్నరు, టీవీనే సర్వర్ ఉన్న నెట్‌వర్క్‌లకు తీసుకపోండి. టీవీ ఎక్కడ ఉన్నదనేది కాదు, దాని వైరు ఎక్కడికి పోతున్నదనేది లెక్క. మీ రూటర్ ల్యాన్ పోర్టు నుంచి కిందికి ఒక వైరు దింపి టీవీల పెడితే టీవీకి 192.168.0 అడ్రస్ వస్తది, ఒకే ఊరు అయితది. పోర్ట్ ఫార్వర్డ్ తీసేయొచ్చు. కిరాయి పిల్లలు ఎప్పటిలెక్కనే బయటి నెట్‌వర్క్‌ల ఉంటరు.

క్లాక్‌టవర్_నల్లగొండ
ఆదివారం సాయంత్రం 6:25

వైరు దింపగలిగితే అది మంచిదే, ఒప్పుకుంట. వైరు దింపే జాగ ఉన్న ఇండ్ల కన్న లేని ఇండ్ల నేను ఎక్కువ పనిచేస్త కాబట్టి అటు ఆలోచన పోలేదు.

మెట్టుగడ్డ_91
ఆదివారం సాయంత్రం 7:00

ఇది నాకు తట్టనే లేదు మేడం. గని పైపు సన్నది, ముప్పావు ఇంచు, దాంట్ల ఇప్పటికే ఒక ల్యాన్ వైరు, పాత డిష్ వైరు ఉన్నయి. బయటి నుంచి గోడ మీదంగ ఏద్దామంటే కోతులు, పోయినేడు ఇంటర్నెట్ వైరు రెండుసార్లు తెంపినయి.

కేబుల్_గద్వాల
ఆదివారం సాయంత్రం 7:20

అన్నా ఇది నా పని, నేను చెప్తా. బయట వద్దు. కోతులు ఒక్కటే కాదు, పిడుగు పడ్డప్పుడు బయటి రాగి వైరు పట్టుకొని పోర్టులు కాలుతయి.

డిష్ వైరు వాడ్తలేరు కదా? దాని కింది కొసకు కొత్త క్యాట్ సిక్స్ వైరు కట్టు. రెండు కొసలు పక్కపక్కన గాకుండ ఒకదాని ఎన్క ఒకటి పెట్టి టేపు బిర్రుగ చుట్టు, మూతి సన్నగ రావాలె, లేకుంటే వంపుల ఇరుక్కుంటది. మీదికెల్లి ఒకలు నిమ్మళంగ గుంజాలె, కిందికెల్లి ఒకలు దొబ్బాలె. జోరుగ గుంజొద్దు, రాగి సాగితే మళ్లా పనికిరాదు. డిష్ వైరు బయటికి వస్తది, దాని జాగల కొత్త వైరు కూసుంటది. ప్లగ్గు తర్వాత కొట్టుకో, ముందుగాల కొట్టి గుంజితే పైపుల పట్టదు.

అది రాకపోతే ఇంకో ఉపాయం. ఇప్పుడున్న ల్యాన్ వైరుల నాలుగు జతలుంటయి. 100 ఎంబీపీఎస్‌కు రెండే జతలు కావాలె, 1, 2, 3, 6 పిన్నులు. మిగిలిన రెండు జతలతోని ఇంకో 100 ఎంబీపీఎస్ లైను తీయొచ్చు, రెండు కొసల రెండేసి ప్లగ్గులు కొట్టుడే. పాత టీవీల ల్యాన్ పోర్టు 100 కంటే ఎక్కువ ఉండదు, వీహెచ్ఎస్ వీడియోకు పది ఎంబీపీఎస్ గూడ అక్కర లేదు. కాకపోతే నీ ఇంటర్నెట్ గూడ 100 కాడ ఆగుతది, ప్లాన్ అంతకంటే పెద్దదైతే చెయ్యకు.

దేవరకొండ_ఖిల్లా
ఆదివారం రాత్రి 9:15

నాది గూడ అమ్మా నాయిన ముచ్చటే. నేను నల్లగొండ టౌన్‌ల ఉంట, జెల్లీఫిన్ ఇక్కడ. వాళ్లు దేవరకొండ అవతల ఊర్ల ఉంటరు. పోర్ట్ ఫార్వర్డ్ పెట్టిన గని బయటి నుంచి తెరుచుకుంటలేదు. రూటర్‌ల వ్యాన్ అడ్రస్ 100.72 తోని మొదలైతున్నది.

మిర్యాల_మిల్లు
ఆదివారం రాత్రి 9:40

అది సీజీన్యాట్ అన్నా. 100.64 నుంచి 100.127 దాంక ఉన్న అడ్రసులు 2012 ల నెట్ కంపెనీల కోసమే పక్కన పెట్టిండ్రు. నీ రూటర్ ఎన్క వాళ్లది ఇంకో న్యాట్ ఉన్నది, నువ్వు ఎంత ఫార్వర్డ్ పెట్టినా ఆడ ఆగిపోతది. కంపెనీని అడిగి స్టాటిక్ పబ్లిక్ ఐపీ తీసుకో, పైసలు అడుగుతరు. లేకుంటే టెయిల్‌స్కేల్ (దూరంగ ఉన్న డివైజులను ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌ల కలిపే ప్రోగ్రామ్) పెట్టు, నల్లగొండ సర్వర్ల ఒకటి, ఊర్ల ఆండ్రాయిడ్ టీవీల ఒకటి, జెల్లీఫిన్ యాప్‌ల టెయిల్‌స్కేల్ అడ్రస్ చేత్తోని కొట్టు. డీఎల్ఎన్ఏ మాత్రం దాంట్ల నుంచి పోదు, అది మూడో లేయర్‌ల (ఐపీ అడ్రస్ లెవెల్‌ల) పని చేస్తది, మల్టీకాస్ట్ మొయ్యదు. జీరోటియర్ అని ఇసొంటిదే ఇంకోటి ఉన్నది, అది రెండో లేయర్ (ఒకే స్విచ్‌కు వైరు కట్టినట్టు) కాబట్టి మల్టీకాస్ట్ మోస్తది, గని టీవీకి అది ఎక్కిచ్చుడు కష్టం. నీ టౌన్ కనెక్షన్ అప్‌లోడ్ ఎంత ఉన్నదో గూడ చూసుకో, ఊర్ల వాళ్లకు పోయేది నీ అప్‌లోడ్ నుంచే.

దేవరకొండ_ఖిల్లా
ఆదివారం రాత్రి 9:52

అర్థమైంది అన్నా, టెయిల్‌స్కేల్ చూస్త. ఊర్ల టీవీ ఆండ్రాయిడే.

మెట్టుగడ్డ_91
మంగళవారం రాత్రి 8:30

వైరు దిగింది! నిన్న సాయంత్రం నేను మీద, మా తమ్ముడు కింద, గద్వాల అన్న చెప్పినట్టు డిష్ వైరుకు కట్టి గుంజినం. నడుమ ఒక వంపు కాడ ఆగింది, వెన్కకు జరిపి, కొంచెం కొబ్బరినూనె రాసి మళ్లా గుంజితే వచ్చింది. నా రూటర్‌ల రెండు ల్యాన్ పోర్టులు పోయిన వానకాలం పిడుగుకే పోయినయి, అందుకని సెకండ్ హ్యాండ్‌ల ఎనిమిది పోర్టుల స్మార్ట్ స్విచ్ (ల్యాన్ వైర్లను కలిపే డబ్బా, సెట్టింగ్ పేజీ గూడ ఉంటది) ఒకటి తెచ్చిన, ఏదో ఆఫీసుల వాడింది. సర్వర్, టీవీ వైరు రెండూ దాంట్ల పెట్టిన. టీవీకి 192.168.0.23 వచ్చింది, సోర్స్ లిస్టుల సర్వర్ పేరు వచ్చింది. అమ్మను కూసోబెట్టి ఒక వీడియో పెట్టిన.

గని ఇప్పుడు కొత్త లొల్లి. వీడియో అయిపోయి బయటికి వస్తే లిస్టుల సర్వర్ మాయం. మీదికి పోయి మినీడీఎల్ఎన్ఏ రీస్టార్ట్ చేస్తే మళ్లా వస్తది, నాలుగైదు నిమిషాలైనంక మళ్లా పోతది. వీడియో ఆడుతున్నంతసేపు మాత్రం ఆగుతలేదు, గంటన్నర ఒకటే సాగుడుగ ఆడింది. వైరు మంచిగ లేదా?

కేబుల్_గద్వాల
మంగళవారం రాత్రి 8:41

ప్లగ్గు సరిగ కొట్టకపోతే వీడియో గూడ ఆగాలె అన్నా. గంటన్నర ఆడిందంటే వైరు మంచిగున్నది.

క్లాక్‌టవర్_నల్లగొండ
మంగళవారం రాత్రి 8:55

సర్వర్ నిద్రపోతున్నదేమో, సస్పెండ్ సెట్టింగ్ చూడు తమ్మీ.

మెట్టుగడ్డ_91
మంగళవారం రాత్రి 9:10

లేదన్నా, లిస్టుల లేనప్పుడు గూడ ల్యాప్‌టాప్ నుంచి సర్వర్‌కు పింగ్ పోతున్నది, జెల్లీఫిన్ తెరుచుకుంటున్నది. టైమ్ పెట్టి చూసిన, రీస్టార్ట్ చేసినంక నాలుగు నిమిషాల 20 సెకండ్లకు అటు ఇటుగ పోతున్నది. మూడుసార్లు చూసిన, మూడుసార్లు అంతే.

వనపర్తి_పాఠాలు
మంగళవారం రాత్రి 9:25

మీరు టైమ్ పెట్టి చూసిండ్రు, అందుల్నే జవాబు ఉన్నది. నాలుగు నిమిషాల 20 సెకండ్లంటే 260 సెకండ్లు. ఇది ఐజీఎమ్‌పీ స్నూపింగ్, మీ స్మార్ట్ స్విచ్‌ల ఆన్‌ల ఉన్నది.

ఎట్లంటే, ఈ రకం స్విచ్ మల్టీకాస్ట్‌ను అన్ని పోర్టులకు పంపదు, ఎవరు అడిగిండ్రో రాసుకొని వాళ్లకే పంపుతది. మీ మినీడీఎల్ఎన్ఏ మొదలైనప్పుడు "239.255.255.250 కు వచ్చేది నాకు గూడ కావాలె" అని ఒక జాయిన్ పంపుతది, స్విచ్ రాసుకుంటది. ఆ రాసుకున్నది ఎప్పటికీ ఉండదు. మామూలుగ నెట్‌వర్క్‌ల క్వెరియర్ అని ఒకటి ఉండి 125 సెకండ్లకు ఒకసారి "ఇంకా కావాల్నా" అని అడుగుతుంటది, సర్వర్ "ఆ, కావాలె" అంటది, స్విచ్ మళ్లా కొత్తగ రాసుకుంటది. మీ ఇంట్ల ఆ అడిగేటోళ్లే లేరు. ఎవరూ అడగలేదు, సర్వర్ చెప్పలేదు, 125 రెండింతలకు జవాబు కోసం ఆగే 10 కలిపితే 260, అది దాటంగనే స్విచ్ సర్వర్ పేరు కొట్టేసింది. ఇగ టీవీ చాటింపు ఏసినా అది సర్వర్ పోర్టు దాంక పోదు. పింగ్, జెల్లీఫిన్, ఆడుతున్న వీడియో ఇవన్నీ నేరుగ ఒకరి నుంచి ఒకరికి పోయేవి, మల్టీకాస్ట్ కాదు, అందుకే వాటికి ఏం కాలేదు.

స్విచ్ పేజీల ఐజీఎమ్‌పీ స్నూపింగ్ ఆఫ్ చెయ్యండి. లేదా అదే పేజీల క్వెరియర్ అని ఉంటే ఆన్ చెయ్యండి, రెండిట్ల ఏదో ఒకటే చాలు. ఇంట్ల నాలుగు డివైజులకు స్నూపింగ్ అక్కర లేదు. నెట్ కంపెనీ టీవీ ఛానళ్లను మల్టీకాస్ట్‌ల ఇస్తే అప్పుడు మాత్రం స్నూపింగ్ ఉంచి క్వెరియర్ పెట్టుకోవాలె, లేకుంటే ఆ ఛానళ్ల బరువంత అన్ని పోర్టులకు పోతది.

మెట్టుగడ్డ_91
మంగళవారం రాత్రి 10:50

స్నూపింగ్ ఆఫ్ చేసిన. గంట దాటింది, సర్వర్ లిస్టుల్నే ఉన్నది, టీవీ ఆపి మళ్లా ఆన్ చేసినా ఉన్నది. మేడం, 260 అనే లెక్క మీరు చెప్పకపోతే నేను వైరు పీకి మళ్లా గుంజేటోన్ని.

మిర్యాల_మిల్లు
బుధవారం ఉదయం 7:30

మా మిల్లుల సీసీ కెమెరాల సాఫ్ట్‌వేర్ల కెమెరాలు గిట్లనే లిస్టుల నుంచి పోతుండె, కెమెరా అడ్రస్ చేత్తోని కొడితే వచ్చేది. స్విచ్ మార్చి ఊకున్న అప్పుడు. ఇయ్యాల పోయి పాత స్విచ్ తీసి చూస్త.

మెట్టుగడ్డ_91
గురువారం రాత్రి 9:20

ఇంకో రెండు సంగతులు, ఎన్కొచ్చేటోళ్లకు పనికొస్తయని రాస్తున్న.

నిన్న కరెంటు పోయి వచ్చింది, సర్వర్ మళ్లా లిస్టుల రాలేదు. స్నూపింగ్ కాదు ఈసారి. స్విచ్ లేసేదానికి నిమిషం పట్టింది, అంతల్నే మినీడీఎల్ఎన్ఏ లేసి కూసున్నది, అప్పటికి సర్వర్‌కు ఐపీ అడ్రసే రాలేదు. సిస్టమ్‌డీ (ఉబుంటుల ప్రోగ్రాములను లేపేది) ఫైల్ల నెట్‌వర్క్ ఆన్‌లైన్ అయినంకనే లెవ్వమని రాసిన, సర్వర్‌కు అడ్రస్ గూడ ఫిక్స్ చేసి పెట్టిన. మెయిన్ ఆపి ఆన్ చేసి రెండుసార్లు చూసిన, వస్తున్నది. పోర్ట్ ఫార్వర్డ్ తీసేసిన.

రెండోది, వీడియోల మనిషి కదిలినప్పుడల్ల దువ్వెన పళ్ల లెక్క గీతలు కనవడ్తున్నయి, కొన్ని ఫైళ్లు టీవీల తెరుచుకుంటనే లేవు.

వనపర్తి_పాఠాలు
గురువారం రాత్రి 9:45

మన వీహెచ్ఎస్ పాల్ పద్ధతిది, 720 బై 576, సెకండ్‌కు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేము సగం సగం గీతలుగ రెండుసార్లు తీసింది. గీతలు దాని వల్లనే. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రామ్‌ల డీఇంటర్‌లేస్ పెట్టి హెచ్ 264, ఎంపీ4 కు మార్చండి, ఆ తెరుచుకోని ఫైళ్లు గూడ తెరుచుకుంటయి. మినీడీఎల్ఎన్ఏ ఫైలును ఉన్నదున్నట్టు పంపుతది, మార్చి ఇయ్యదు, టీవీకి రాని ఫార్మాట్ ఉంటే అంతే సంగతి. పాత ఫైళ్లు మాత్రం పారెయ్యకండి, వేరే హార్డ్ డిస్క్‌ల దాచుకోండి, క్యాసెట్లు మళ్లా ఆడయి.

మెట్టుగడ్డ_91
ఆదివారం రాత్రి 8:10

పద్నాలుగు క్యాసెట్లు మార్చుడు అయిపోయింది, రెండు రాత్రులు పట్టింది ఆ పాత కంప్యూటర్‌కు. అసలు ఫైళ్లు వేరే డిస్క్‌ల పెట్టి బీరువాల పెట్టిన.

అమ్మ మా అత్తమ్మ పెళ్లి క్యాసెట్ పెట్టించుకున్నది. బువ్వం బంతి కాడ చిన్నమామ బకెట్ పట్టుకొని పప్పు వడ్డిస్తుంటడు, కెమెరా దిక్కు చూసి నవ్వి మళ్లా వంగుతడు, పది సెకండ్లు ఉంటదో లేదో. అది ఎన్నిసార్లు ఎన్కకు తిప్పిపిచ్చిందో నేను లెక్కవెట్టలేదు. ఇప్పుడు ఆ ముక్క వేరే ఫైలు చేసి అన్నిటికంటె మీద పెట్టమంటున్నది, రిమోట్ ఎక్కువ నొక్కకుండ రావాలె అని. "మామ" అని తెలుగుల పేరు పెడితే టీవీల తెలుగు ఫాంట్ లేక డబ్బాలు వస్తున్నయి, అందుకే పేరు ఉత్త 01 అని పెట్టిన, లిస్టుల అదే మొదట వస్తది. 01 అంటే మామ అని అమ్మకు చెప్పిన.

గద్వాల అన్నా, వనపర్తి మేడం, నల్లగొండ అన్నా, మిర్యాలగూడ అన్నా, పాలమూరు దిక్కు వస్తే ఇంటికి రావాలె మీరు.